ఒక ఆకు తక్కువ తోరణం

మా తాళ్లరేవులో ఎవరైనా కూరగాయలకని వెళ్ళి మధ్యాహ్నం దాకా రాకపోతే "ఏమే, సింగపూరు ఓడయిపోయావా" అంటారు. ఎరువిచ్చిన గిన్నె తిరిగి రాకపోతే అది సింగపూరు ఓడ. సంబంధం చూసుకుని వెళ్ళి ఉలుకూ పలుకూ లేని పెళ్ళికొడుకు సింగపూరు ఓడ. ఊరందరికీ అది నవ్వుకునే మాట. మాకు మాత్రం నవ్వొచ్చేది కాదు. ఆ ఓడ కట్టింది మా పుట్టింటివాళ్ళు.

మా తాతగారి తాత కట్టిన మూడు కొయ్యల తెరచాప ఓడ అది. పేరు వెంకటలక్ష్మి. నూలుగుడ్డలు, మిరపకాయలు, పొగాకు వేసుకుని కోరంగి నుంచి సింగపూరు బయల్దేరింది. మళ్ళీ రాలేదు. కబురూ రాలేదు. పలకల సందుల్లో గుగ్గిలం సరిగ్గా కూరలేదనీ, అందుకే నడిసముద్రంలో నీళ్ళు పట్టి మునిగిందనీ ఊళ్ళో తీర్మానం చేసేశారు. అప్పట్నించీ మేం "మునిగినోడ వాళ్ళం". తరవాత మావాళ్ళు కట్టిన ఓడలు ఎన్నిసార్లు రంగూను వెళ్ళొచ్చినా ఆ పేరు పోలేదు.

ఇక్కడ మా ఇంటి పద్ధతి ఒకటి చెప్పాలి. మావాళ్ళు ఓడ కడితే ఓడ నడిపే సరంగు గది గుమ్మం మీద చెక్కలోనే మామిడాకుల తోరణం చెక్కుతారు. అన్ని ఆకులూ చెక్కి ఒక్కటి మాత్రం వదిలేస్తారు. ఓడ మొదటి ప్రయాణం చేసి క్షేమంగా ఇంటికొచ్చాక, అందులో పనిచేసిన కళాసీలందరికీ పులిహోర, బూరెలు వడ్డించి, వాళ్ళ కళ్ళెదుట ఆ చివరి ఆకు చెక్కుతారు. ఇంకా పని మిగిలుంది, మా ఓడని వెనక్కి పంపించు అని సముద్రానికి చెప్పుకోవడమన్న మాట. మా వంశంలో ఆ ఆకు పడని ఓడ వెంకటలక్ష్మి ఒక్కటే.

బళ్ళో పిల్లలకి ముప్పయ్యేళ్ళు పాఠాలు చెప్పి ఇంట్లో కూర్చున్న నాకు, చెల్లెలి కూతురు లలిత సింగపూరు నుంచి టిక్కెట్టు పంపింది. కంప్యూటర్లకి ఏదో గండం వస్తుందని ఊదరగొట్టి, తీరా ఏమీ రాకుండా గడిచిపోయిన ఏడాది అది. మా ఆయన్ని కూడా రమ్మంది. కోళ్ళకి మేత ఎవరు వేస్తారని ఆయన మానేశారు. విమానం అంటే భయమని మాత్రం చచ్చినా ఒప్పుకోరు.

బయల్దేరే ముందు మా అన్నయ్య వీరభద్రం దగ్గరికి వెళ్ళాను. డెబ్బై దగ్గర పడుతున్నా ఇంకా రేవులో పడవలు కడుతున్నాడు. మోకాళ్ళు మాత్రం మాట వినడం లేదు. నా చేతిలో ఒక తగరపు రేకు పెట్టాడు. మామిడాకు ఆకారం. కొస కొంచెం ఎడమకి తిరిగి, పక్కన పురుగు కొరికినట్టు చిన్న గంటు ఉంటుంది. దిష్టి తగలకుండా పెద్దవాళ్ళు పెట్టిన గంటు. మా ఇంటి తోరణాలన్నీ ఆ ఆకారంతోనే గీస్తారు. రేకు అరిగిపోతే దాని మీద పెట్టి ఇంకోటి కత్తిరించుకుంటారు.

"దొరుకుతుందని కాదు సత్యా," అన్నాడు. "మునిగిందో, చేరిందో. నేను ఉలి కింద పెట్టేలోపల ఆ ఒక్క ముక్క తెలిస్తే చాలు. ఓడలు చేరే ఊరు కదా, ఎవరో ఒకరికి తెలీకపోదు."

సరేనన్నాను. ఊరు ఎంత ఉంటుందో తెలీక అన్న మాట అది.

మద్రాసు విమానం

మద్రాసు విమానాశ్రయంలోనే నా చేతిసంచీ కూత పెట్టింది. రేకు బయటికి తీశాను. ఇదేమిటన్నాడు అధికారి. ఆకు అన్నాను. ఎందుకన్నాడు. ఓడ కోసం అన్నాను. అతను నా జుట్టు నెరుపు చూసి, ఒక నిట్టూర్పు విడిచి, రేకు అంచులు వేలితో తడిమి తిరిగిచ్చేశాడు.

విమానం నిండా మన కుర్రాళ్ళే. ఒళ్ళో ప్లాస్టిక్ ఫైళ్ళు, కాళ్ళకి కొత్త బూట్లు. అమీర్‌పేటలో కోర్సు ముగించి ఇంటర్వ్యూలకి వెళ్తున్నారట. నా పక్క కుర్రాడు మర్యాదగా పలకరించాడు.

"ఆంటీ, మీరు దేని మీద వెళ్తున్నారు?"

"ఓడల మీద బాబూ."

"షిప్పింగ్ డొమైనా? మంచి డిమాండ్ ఉంది ఆంటీ. ఎన్నేళ్ళ ఎక్స్‌పీరియెన్స్?"

"మా ఇంట్లో నాలుగైదు తరాలుంది నాయనా" అన్నాను. అతను ఫైలు తెరిచి చదువుకోవడం మొదలుపెట్టాడు. దిగేటప్పుడు నా పెట్టె తనే దింపిపెట్టి, "ఆల్ ది బెస్ట్ ఆంటీ" అన్నాడు. నేనూ దీవించాను. ఉద్యోగం వచ్చే ఉంటుంది, మంచి పిల్లాడు.

టాంపినీస్

లలిత వాళ్ళ ఫ్లాట్ ఈ టాంపినీస్‌లో పదకొండో అంతస్తు. ఎదురుగా అలాంటివే ఇళ్ళు, ప్రతి కిటికీకీ వెదురు బొంగులు బయటికి పెట్టి బట్టలు ఆరేస్తారు. గాలి వీస్తే పంచెలు, చీరలు, లుంగీలు తెరచాపల్లా ఎగురుతాయి. అన్నయ్య చూడాల్సిన దృశ్యం అనుకున్నాను. ఇంత పైనుంచి మన చీర పడిపోతే ఎవరింట్లో వెతుక్కోవాలన్నది నా సందేహం. లలిత కూతురు నిక్కీకి ఆరేళ్ళు. తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో వస్తుంది. చీర పడితే కిందకెళ్ళి తెద్దామా అంటే "క్యానాట్ లా అమ్మమ్మా" అంటుంది. ఇక్కడ మాట చివర "లా" తగిలించడం అలవాటట.

అల్లుడు ప్రసాద్ ఒక బ్యాంకులో కంప్యూటర్ల పని చేస్తాడు. నా ఓడ కథ విని తెగ ఉత్సాహపడిపోయాడు. వరసగా కొన్ని సాయంత్రాలు ఇంటర్నెట్ ముందు కూర్చుని వెతికాడు. ఆఖరికి కుర్చీ తిప్పి తీర్పు చెప్పాడు.

"నెట్‌లో లేదత్తయ్యగారూ. నెట్‌లో లేదంటే లేనట్టే."

"ఊళ్ళో కోళ్ళ దగ్గరున్న మీ మామగారు కూడా అందులో ఉండరు కదా. మరి ఆయన లేనట్టేనా?"

ప్రసాద్ నవ్వి కంప్యూటర్ కట్టేశాడు. ఆ మర్నాడు ఆఫీసు మధ్యలో మ్యూజియానికి ఫోన్ చేసి కూడా అడిగాడట. ఇంగ్లీషు వాళ్ళ ఓడల వివరాలైతే ఉన్నాయన్నారట గానీ, మన వెంకటలక్ష్మి ఊసు లేదు.

ధరలు చెప్పమని మీరు అడుగుతారని తెలుసు. కరివేపాకు కొనుక్కోవాలి, అంతకంటే ఏం చెప్పను. మా దొడ్లో మేకలు మేసిపోయే కరివేపాకు ఇక్కడ ప్లాస్టిక్ సంచీలో చలిపెట్టెలో కూర్చుంటుంది. నేను ప్రతి ధరనీ రూపాయల్లోకి మార్చి ఇరవై అయిదుతో హెచ్చవేస్తుంటే లలిత విసుక్కుంది. "లెక్క మానెయ్ పెద్దమ్మా. ఇలా అయితే ఇక్కడ మంచినీళ్ళు కూడా తాగలేవు." మర్నాటి నుంచి మనసులో వేసుకున్నాను.

హాకర్ సెంటరని పెద్ద పాక లాంటి చోట భోజనానికి తీసుకెళ్ళారు. చీనా వంట, మలయా వంట, మన వంట, అన్నీ ఒకే కప్పు కింద. ఒక బల్ల మీద ఎవరో కాగితం రుమాళ్ళ పొట్లం మరిచిపోయారు. పాపం అని తీసుకుని చుట్టూ అందరినీ "మీదా, మీదా" అని అడుగుతూ తిరిగాను. తీరా పళ్ళెం పట్టుకుని వచ్చిన అమ్మాయి, తన బల్ల దగ్గర ఇంకెవరో కూర్చుని ఉండడం చూసి నిలబడిపోయింది. లలిత పరుగెత్తుకొచ్చింది.

"అయ్యో పెద్దమ్మా, అది మరిచిపోయింది కాదు. చోప్ చేసుకున్నారు. అంటే ఆ చోటు వాళ్ళదని అర్థం."

అప్పుడు వెలిగింది నాకు. కాకినాడ బస్సు కిటికీలోంచి మనం తువ్వాలు విసురుతాం కదా, అదే ఇది. నేను తీసింది కాగితం కాదు, తువ్వాలు. కాకినాడ కాంప్లెక్సులో ఎవరి తువ్వాలైనా ఇలా తీస్తే కొట్టుకునేవాళ్ళు. ఆ పిల్ల మాత్రం "ఇట్స్ ఓకే ఆంటీ" అని మా బల్ల దగ్గరే సర్దుకు కూర్చుంది. సంచీలోంచి ఒక తాపేశ్వరం కాజా తీసి పెట్టాను. తిని, వేళ్ళు నాక్కుని, దీన్నేమంటారని రెండుసార్లు అడిగింది.

సెరంగూన్ రోడ్డు, ఆదివారం

ఆదివారం సాయంత్రం ఇక్కడికి రావాలి. వారమంతా ఇళ్ళు కట్టే మనుషులు, ఓడలు బాగుచేసే మనుషులు ఉన్న కాస్త పచ్చిక మీద కూర్చుని ఊరి కబుర్లు చెప్పుకుంటారు. తమిళం మధ్యలోంచి ఎక్కడో ఒక తెలుగు ముక్క వినిపిస్తుంది, ఇక నా కాళ్ళు అటే పోతాయి. కూరల కొట్టు దగ్గర ఒకాయన గోంగూర కట్ట పైకెత్తి చూస్తూ "ఇది గోంగూరేటి, గడ్డి" అని కొట్టువాడితో తెలుగులో పోట్లాడుతున్నాడు. కొట్టువాడు తమిళంలో జవాబు చెబుతున్నాడు. ఇద్దరికీ బాగానే అర్థమవుతోంది.

"ఏ ఊరు బాబూ" అన్నాను.

ఆయన గోంగూర వదిలేశాడు. "మాది టెక్కలి కాడమ్మా. అప్పలనాయుడంటారు. సెంబవాంగ్ షిప్పుయార్డులో వెల్డింగు పని. మీదే ఊరు?"

తాళ్లరేవు అన్నాను. ఇంకేముంది, ఓడ కథంతా చెప్పేశాను. అప్పటికే అది టాక్సీవాళ్ళకి, లిఫ్టులో కలిసినవాళ్ళకి, నిక్కీ వాళ్ళ టీచరుకి కూడా చెప్పి ఉన్నాను. లలిత పక్కకి తిరిగి గడియారం చూసుకుంటోంది. చివర్లో అలవాటుగా రేకు తీసి చూపించాను.

అప్పలనాయుడు రేకుని చేతిలోకి తీసుకుని గంటు మీద బొటనవేలు ఆన్చాడు.

"ఇదెక్కడో సూసినానమ్మా."

"ఎక్కడ?"

"మేం టీ తాగీసే కాడ. ముసలి ఆంటీ కొట్టు. తలుపు మీద ఇలాగే మావిడాకులు సెక్కుంటాయి. చీనావోళ్ళు మన తోరణం ఎందుకు కట్టినారో అని మావోళ్ళందరం నవ్వుకుంటాం. పురుగు కొరికినట్టు గంటు కూడా ఉంటాది."

లలిత గడియారం చూడడం మానేసింది. ఇప్పుడే వెళ్దామన్నాను. ఆదివారం సాయంత్రం ఆంటీ కొట్టు కట్టేస్తుందన్నాడు. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు, మాటలు మాత్రం తగ్గలేదు.

సెంబవాంగ్

మర్నాడు ప్రసాద్ సెలవు పెట్టేశాడు. రైల్లో ద్వీపం ఆ కొస నుంచి ఈ కొసకి ప్రయాణం. దారిలో నేను కాజాల డబ్బా మూత తీయబోతే లలిత నా చెయ్యి పట్టుకుంది. రైల్లో తింటే జరిమానా. తినకుండా రైలెక్కడం ఏం రైలో నాకు తెలీదు గానీ, రైలు మాత్రం మా వంటింటి కంటే శుభ్రంగా ఉంది.

కొట్టు సముద్రానికి దగ్గర్లో, పాత పెంకుటిల్లు. అప్పలనాయుడు డ్యూటీ మధ్యలో చాయ్ వేళకి వచ్చి మా కోసం బయట నిలబడి ఉన్నాడు. నేను లోపలికి కూడా వెళ్ళలేదు. గుమ్మం దగ్గరే ఆగిపోయాను.

తలెత్తితే తోరణం. పొగకి నల్లబడింది, నూనె పట్టి మెరుస్తోంది. ఆకు పక్కన ఆకు, అన్నింటి కొసలూ ఎడమకి తిరిగి ఉన్నాయి. కుడిచివర ఆకు ఉండాల్సిన చోట నున్నటి చెక్క. దాని మీద ఎర్రకాగితం ముక్క ఒకటి అంటించి ఉంది.

ప్రసాద్ స్టూలు తెచ్చాడు. ఎక్కి రేకుని ఒక ఆకు మీద పెట్టాను. అంచుకి అంచు, గంటుకి గంటు సరిపోయింది. నేను ఏడ్చాను. పరాయి దేశంలో, టీకొట్టు గుమ్మంలో, స్టూలు మీద నిలబడి హాయిగా ఏడ్చాను. లోపల కాఫీ తాగుతున్నవాళ్ళు కప్పులు పట్టుకుని బయటికొచ్చి చూశారు.

కొట్టు యజమాని లిమ్ ఆంటీకి నాకంటే పదేళ్ళు ఎక్కువే ఉంటాయి. పూల చొక్కా, గళ్ళ లాగు, మొహం నిండా అనుమానం. నా ఇంగ్లీషు ఆవిడకి అర్థం కాలేదు, ఆవిడ ఇంగ్లీషు నాకు అర్థం కాలేదు. అప్పలనాయుడు మలయా మాటలు కలిపి మధ్యలో నిలబడ్డాడు. ఆవిడ తాత పాత ఓడలు కొని, విప్పి, కలప అమ్మేవాడట. పొగ ఓడలు వచ్చాక తెరచాప ఓడలకి సరుకు ఎక్కించేవాళ్ళు లేక, వచ్చినవాటిని వచ్చినట్టే ఇక్కడ అమ్మేసి వెళ్ళేవాళ్ళట. ఈ ఓడ టేకు బాగుందని తాత అమ్మకుండా ఇల్లు కట్టుకున్నాడు. గుమ్మం, దూలాలు, లోపల కాఫీ బల్లలు, అన్నీ అదే. కళాసీలు ఏమయ్యారని అడిగించాను. కొందరు పొగ ఓడలెక్కారట, కొందరు ఇక్కడే పెళ్ళిళ్ళు చేసుకున్నారట.

"మా ఊళ్ళో ఈ ఓడ మునిగిపోయిందంటారు" అని చెప్పించాను.

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. తన గుమ్మం మీద అరచేత్తో చరిచింది.

"సింక్? ఇఫ్ సింక్, హౌ కెన్ బీ మై డోర్?"

ఇంత చిన్న మాట కోసం మా ఇంటివాళ్ళు ఇన్ని తరాలు తల దించుకున్నారు. అమ్మినవాళ్ళు ఊరికి కబురెందుకు పెట్టలేదో నాకు తెలీదు. అమ్ముకున్నామని చెప్పడంకంటే మునిగిందనడం తేలికనిపించిందేమో.

ఎర్రకాగితం సంగతి అడిగాను. ఆకు లేని చోటు చూస్తే తన తాతకి మనసు ఊరుకునేది కాదట. ప్రతి చీనా కొత్త సంవత్సరానికీ అక్కడో శుభాక్షరం రాసిన ఎర్రకాగితం అంటించేవాడు. ఆయన పోయాక కొడుకు, ఆ తరవాత ఈవిడ. మేం వదిలేసిన చోటుని వాళ్ళు ఖాళీగా ఉండనివ్వలేదు. నేను ఆవిడ రెండు చేతులూ పట్టుకున్నాను. కాజా ఇచ్చాను. ఆవిడ నాకు తీపి కొబ్బరిముద్ద రాసిన కాల్చిన రొట్టె, చిక్కటి కాఫీ పెట్టింది. మా ఓడ పలకల మీదే పెట్టింది.

రెండు ఫోన్లు

ప్రసాద్ సెల్లు తీసుకుని అక్కడి నుంచే అన్నయ్యకి చెప్పాను.

"చెద పట్టిందా?" అన్నాడు మొదట.

"లేదు."

"పలకలు విచ్చుకున్నాయా?"

"బల్ల మీద నీళ్ళు పోస్తే కిందకి కారవు అన్నయ్యా. నేను పోసి చూశాను."

"మునగలేదు" అన్నాడు. ఫోను పక్కన పెట్టేసి వీధిలోకి వెళ్ళి "మునగలేదర్రా, మునగలేదు" అని చెప్పడం ఇక్కడికి వినిపించింది. ప్రసాద్ బిల్లు సంగతే మరిచిపోయాడు.

అన్నయ్య మళ్ళీ ఫోను అందుకున్నాక అడిగాను, ఆకు చెక్కించమంటావా అని. ఒప్పుకోలేదు. ఓడ ఇంటికి రాకుండా ఆకు చెక్కడం పద్ధతి కాదన్నాడు. పద్ధతి అంటే మా అన్నయ్య దగ్గర ఇంక మాట్లాడేది ఉండదు. నేను రేకుని సంచీలో పెట్టేసుకున్నాను.

మర్నాడు పొద్దున్నే తనే ఫోన్ చేశాడు.

"సత్యా, ఓడ ఇంటికి రాలేదు, నిజమే. కానీ నువ్వీ ఇంటి ఆడపడుచువి. ఇల్లే ఓడ దగ్గరికి వెళ్ళింది. నువ్వు చెక్కు."

"నేనా? నన్ను చిన్నప్పుడు ఉలి ముట్టుకోనిచ్చారా ఎవరైనా?"

"ముట్టుకోనివ్వకపోవడం మా తప్పు. ఇప్పుడు ముట్టుకో. కళాసీలు లేకుండా మాత్రం చెక్కకు. బూరెలు మరిచిపోకు."

మళ్ళీ ఆదివారం

శనివారమంతా లలితా నేనూ బూరెలు వేశాం. నిక్కీ పూర్ణం తింటూ ఉండలు చేసింది, అందుకే కొన్ని గోళీల్లా వచ్చాయి. లిమ్ ఆంటీ ఒక్కటే షరతు పెట్టింది, నా తలుపు పాడుచేయొద్దని. ఆదివారం కొట్టుకి సెలవు పెట్టి మా కోసం తలుపులు తీసి ఉంచింది.

అప్పలనాయుడు తన గదివాళ్ళందరినీ వెంటబెట్టుకొచ్చాడు. శ్రీకాకుళం, విజయనగరం, నిజామాబాద్, కరీంనగర్. ఇస్త్రీ చొక్కాలు వేసుకుని ఓడ బల్లల చుట్టూ వరసగా కూర్చున్నారు. సముద్రం దాటొచ్చి ఇంకా ఇళ్ళకి చేరనివాళ్ళు, వీళ్ళకంటే కళాసీలెవరు దొరుకుతారు నాకు. పులిహోర వడ్డిస్తుంటే ఒకాయన "ఇంటి కాడ తిన్నట్టే ఉన్నదమ్మా" అని తల దించుకుని తిన్నాడు. మళ్ళీ వడ్డించాను.

ఆంటీ ఎర్రకాగితం జాగ్రత్తగా ఊడదీసింది. రేకు పెట్టి పెన్సిలుతో గీశాను. ఉలి అప్పలనాయుడు ఎక్కడో సంపాదించాడు. ప్రసాద్ ఫోన్ నా చెవికి ఆన్చి పట్టుకున్నాడు.

"ఈనెతో మొదలుపెట్టు" అన్నాడు అన్నయ్య అటునుంచి. "ఉలిని పడుకోబెట్టు. నిలబెడితే లోతుకి పోతుంది. గంటు ఆఖర్న."

టేకు గట్టిగా ఉంది. పైన నలుపు లేచి లోపల తేనెరంగు బయటపడింది. నాలుగు పక్కలా సలహాలు మొదలయ్యాయి. వెల్డింగువాళ్ళూ, మా సాఫ్ట్‌వేరు అల్లుడూ అందరూ ఆ పూట వడ్రంగులే. నా ఆకు మిగతావాటిలా రాలేదు. కాస్త బొద్దుగా వచ్చింది, కొస ఎడమకి తిరగాల్సింది కంటే ఎక్కువే తిరిగింది. గంటు పడగానే "అయిపోయింది అన్నయ్యా" అన్నాను. అటునుంచి కొబ్బరికాయ కొట్టిన చప్పుడు వినిపించింది.

లిమ్ ఆంటీ మాత్రం నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. "నౌ వేర్ టు పుట్ మై రెడ్ పేపర్?" అంది. తనే స్టూలెక్కి ఆకు కింద అంటించింది. దిగాక బూరె తీసుకుంది, ఇంకోటి తీసుకుంది, మిగిలినవి ఎవరూ చూడకుండా డబ్బాలో దాచుకుంది. నేను చూశాను.

తాళ్లరేవు

బస్సు దిగేసరికి వీధి చివర సూరమ్మ వదిన ఎదురైంది. ఈ ఊళ్ళో సింగపూరు ఓడ మాట ఎక్కువసార్లు వాడింది ఈవిడే.

"ఏమే సత్యవతీ, రాకపోతే సింగపూరు ఓడయిపోయావనుకున్నాం."

"అయ్యాను వదినా" అన్నాను. "అందుకే క్షేమంగా చేరాను."

వదిన నవ్వింది. విషయం ఊరంతా తెలిసిపోయిందన్న మాట.

అన్నయ్య రేవులో సగం కట్టిన పడవ పక్కన కూర్చుని ఉన్నాడు. సంచీలోంచి కాగితం రుమాళ్ళ పొట్లం తీసి ఇచ్చాను. దాన్లో ఆకు చెక్కినప్పుడు రాలిన చెక్కతొక్కలు చుట్టి తెచ్చాను. విప్పి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"ఈ కాగితమేమిటే?"

"అక్కడ చోటు పట్టుకోవడానికి పెడతారు అన్నయ్యా. మన తువ్వాలు లాగ. అది ఉంటే ఆ చోట ఇంకెవరూ కూర్చోరు."

అన్నయ్య తొక్కల్ని మళ్ళీ కాగితంలో చుట్టాడు. మోకాళ్ళు పట్టుకుని మెల్లిగా లేచి, పడవ ముందుకొస వరకూ నడిచి, పొట్లాన్ని అక్కడ పలక మీద పెట్టాడు. తరవాత పనివాళ్ళ వైపు తిరిగాడు.

"దీన్ని ఎవరూ తియ్యకండిరా. వెంకటలక్ష్మి ఇంటికొచ్చింది."